దేవుని మాన్యము, ధర్మకర్త చేయి

నంద్యాలనుండి తూర్పుగా నల్లమల దిక్కునకు సాగు బాటలో, అరటితోటల నడుమ వెలసిన మహానంది క్షేత్రమున, స్వామి లింగము ఇతర శివాలయములలోవలె నిటారుగా నిలువక, ఆవు గిట్ట పడి నొక్కుకొనిపోయినట్లు అణగియుండుట యాత్రికులందరు ఎరిగినదే. పుట్టలోని బాలశివునకు పాలు చేపుచుండిన గోవు మనుష్యుల అలికిడికి బెదరి అడుగు వేయగా ఆ ముద్ర పడినదని స్థలపురాణము. ప్రాకారములోని కోనేటి ఊట నీరు అడుగున పడిన గుండుసూదియు కనబడునంత నిర్మలమై, వెలుపలికి పారి చుట్టుపక్కల పొలములను తడుపుచుండును. ఇట్టి క్షేత్రములకు రాజులు, రైతులు, సంతానము లేని వృద్ధ దంపతులు తమ శక్తికొలది భూములు సమర్పించుట మన దేశాచారము. అయితే దేవుడు నాగలి పట్టడు, శిస్తు కట్టడు, కౌలుకాగితము వ్రాసియీయడు, కోర్టు బోనెక్కి సాక్ష్యము చెప్పడు. కావున ఆయన ఆస్తి ఎల్లప్పుడును మరియొకరి చేతిలో ఉండవలసినదే. ఆ చేతికి గల హక్కు ఏది, ఎన్ని తరములు గడచినను ఆ చేతికి రాని హక్కు ఏది అను ప్రశ్న నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల రైతులకు కొత్తది కాదు. కచేరీలలోను కోర్టులలోను నలిగి నలిగి వచ్చినదే.

పల్లె రెవెన్యూ లెక్కలలో అడంగలు అను ఒక పత్రము కలదు. ప్రతి సర్వే నంబరునకు ఎదుట అందులో పట్టాదారు పేరునకు ఒక గడియు, అనుభవదారు పేరునకు వేరొక గడియు ఉండును. సొంతముగా సేద్యము చేసికొను రైతు విషయమున రెండు గడులలోను ఒక్కటే పేరు కనబడును. దేవుని భూమి విషయమున మాత్రము మొదటి గడిలో ఫలానా స్వామివారు అనియు, రెండవ గడిలో ఒక అర్చకుని పేరో, కౌలుదారుని పేరో వ్రాయుట పరిపాటి. ఆ రెండు గడుల నడుమ నున్న గీత చెరిగిపోవుట ఒక్కనాట జరుగదు. తాత స్వామికైంకర్యమునకై పొలము చూచును; తండ్రి అదే పొలము తన యిష్టము చొప్పున కౌలుకిచ్చి, కైంకర్యమునకు కొంత, తనకు కొంత తీసికొనును; మనుమని కాలమునకు రెండవ గడిలోని పేరు మొదటి గడిలోనికి ప్రాకి, పాసుపుస్తకమై, బ్యాంకులో అప్పునకు కుదువయై, తుదకు క్రయదస్తావేజు అగును. ఈ మూడు తరములలో ఏ ఒక్కరును తాను దొంగనని ఎంచుకొనకపోవుటయే ఇందులోని విచిత్రము.

2021 సెప్టెంబరులో మధ్యప్రదేశపు పూజారుల వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ గడుల విషయమే తేల్చినది. ఆ రాష్ట్ర ప్రభుత్వము ఆలయభూముల రికార్డులనుండి పూజారుల పేర్లు తొలగింపుమని ఉత్తరువు చేయగా, తరతరములుగా సాగు మాది గనుక మా పేర్లు ఉండవలెనని వారు వాదించిరి. యజమాని గడిలో దేవత పేరు తప్ప మరియొకటి ఉండరాదని న్యాయస్థానము చెప్పుట ఎవరును ఊహింపదగినదే. అంతతో ఆగక, అనుభవదారు గడిలోను పూజారి పేరు అవసరము లేదనియు, సేవకుని ద్వారా, నిర్వాహకుని ద్వారా ఆ భూమిని అనుభవించుచున్నది కూడ దేవతయేయనియు చెప్పుటలోనే అసలు సంగతి కలదు. దున్నుచున్నది పూజారి, కోయుచున్నది పూజారి, పంట ఇల్లు చేర్చుచున్నది పూజారి. అయినను న్యాయదృష్టికి ఆ చేనిలో నిలిచియున్నవాడు దేవుడు.

ఇది ఇంగ్లీషువారు తెచ్చిన తర్కమనుకొనువారు మన ధర్మశాస్త్రములను ఒక్కసారి తెరచి చూడవలెను. కన్నులార చూచుచు నోరెత్తకుండిన యజమాని భూమిని ఇరువదియేండ్లకును, ధనమును పదియేండ్లకును కోల్పోవునని యాజ్ఞవల్క్యుడు చెప్పినాడు. దీర్ఘానుభవమునకు విలువ ఇచ్చుట అంత పాతది. అయితే ఆ నియమమునకు వెంటనే మినహాయింపులును చెప్పబడినవి. తాకట్టు వస్తువు, పొలిమేర, బాలధనము, నమ్మి దాచనిచ్చిన సొమ్ము, రాజధనము, శ్రోత్రియుని సొత్తు మొదలగునవి ఒకరు ఎంతకాలము అనుభవించినను అసలు హక్కుదారుని విడిచిపోవని మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున కలదు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను పదుమూడవ శతాబ్దిలో మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చినాడు. కవిత్రయ కాలపు తెలుగువాడు వ్యవహారధర్మమును సొంత భాషలో చదువుకొనగలిగినాడు. నేటి తెలుగువాడు తన పొలము తీర్పును ప్లీడరుగారిచేత చదివించుకొనవలసియున్నది. అది వేరు మాట.

ఆ మినహాయింపుల పట్టికలో బాలధనమును దాచనిచ్చిన సొమ్మును పక్కపక్కనే ఉండుట గమనింపదగినది. దేవుని ఆస్తి ఒకేసారి ఈ రెండును అగుచున్నది. దేవత ఎన్నడును మైనారిటీ తీరని బాలుడని న్యాయస్థానములు పెక్కుమారులు చెప్పినవి. ఆ బాలుని సొత్తు సంరక్షకుని చేతిలో నిక్షేపము. దేవతకు న్యాయవ్యక్తిత్వము కలదని 1925లో ప్రీవీ కౌన్సిలు చెప్పిన సందర్భము వినదగినది. కలకత్తాలో ఒక సంపన్న కుటుంబమున అన్నదమ్ములు వంతులవారీగా కులదేవతకు పూజ జరుపుకొనుచుండిరి. తన వంతు వచ్చినప్పుడు విగ్రహమును తన యింటికి తీసికొనిపోవుదునని ఒకడు పట్టుపట్టెను. విగ్రహము ఎత్తుకొనిపోదగిన సామాను కాదనియు, ఎచ్చట ఉండవలెనో ఆ దేవత ఇచ్ఛ ఏమో సంరక్షకుని ద్వారా తెలియవలెననియు, అన్నదమ్ములలో ఎవరి పక్షమును చేరని ఒక మధ్యస్థుని దేవత తరపున నియమింపవలెననియు ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పెను.

శాస్త్రజ్ఞులలో ఈ విషయమున భేదాభిప్రాయము లేకపోలేదు. దేవతలకు గ్రామములు, క్షేత్రములు ఉన్నవనుట ఉపచారపు మాట మాత్రమేయని, తన ఇచ్ఛ చొప్పున వినియోగించుకొనలేనివారికి స్వత్వమెక్కడిదని మీమాంసా భాష్యకారుడు శబరస్వామి వాదించెను. 1956లో ఉత్తరప్రదేశపు ఒక పల్లె ఆలయమునకు సంబంధించిన వ్యాజ్యమున జస్టిస్ వెంకటరామ అయ్యర్ ఈ ప్రాచీన వాక్యములను ఎత్తి పరిశీలించి, దేవత యజమాని యగుట గౌణార్థముననే అనియు, ఆ ఆస్తి ఫలమును నిజముగా పొందువారు ఆరాధకులేయనియు నిర్ణయించెను. మహానందీశ్వరుని పొలములో పండిన గింజ ఎవరిదని అడిగినచో, శాస్త్రముచేతను చట్టముచేతను వచ్చు సమాధానము ఒక్కటే: అది ధర్మకర్తది కాదు, అధికారిది కాదు, శివరాత్రికి నడచివచ్చి ఆ వాకిట నిలుచు ఊరుపేరు లేని భక్తునిది.

ఒకరి పక్షమున మరియొకరు భూమిని పట్టుకొనియుండుట దేవాలయములకు మాత్రమే చెందిన సంగతి కాదు. మన ఇండ్లలో నిత్యము జరుగునదే. నంద్యాల పట్టణపు కుర్రవాడొకడు బెంగుళూరునకో అమెరికాకో ఉద్యోగమునకు పోవుచు, ఊరిలోని ఐదెకరములను మేనమామకు అప్పగించి "మామా, నువ్వే చూసుకో, నీకు తోచినట్లు చెయ్యి" అని బయలుదేరును. కాగితము లేదు, కౌలు లేదు, సాక్షి లేడు. పదునైదేండ్లకు అతడు తిరిగి వచ్చి అడిగినచో, పండ్రెండేండ్లు దాటినది గనుక భూమి నాదేయని మామ అనవచ్చునా? అనుటకు వీలు లేదు. 1963 నాటి పరిమితి చట్టము పండ్రెండేండ్ల గడువు పెట్టిన మాట నిజమే కాని, ఆ గడువు లెక్క ఆరంభమగుటకు అనుభవము యజమానికి ప్రతికూలమై యుండవలెను. యజమానికి తెలియునట్లు బాహాటముగా ఆతని హక్కును కాదనుచు సాగవలెను. అనుమతితో అడుగుపెట్టినవాని అనుభవము అనుకూలమేగాని ప్రతికూలము కాదు. మామ ఆ పొలమున నిలిచినంతకాలము న్యాయదృష్టికి మేనల్లుడే నిలిచియున్నాడు. కౌలుదారునికిని ఇదే వర్తించును. కౌలుకు దిగిన రైతు తనను దింపినవాని హక్కును ఆ కౌలు సాగుచుండగా ప్రశ్నింపజాలడు. ఉమ్మడి ఆస్తిలో ఒక అన్న ఒంటరిగా సేద్యము చేసినను తక్కిన తమ్ములందరి తరపునను చేసినట్లే. వారిని స్పష్టముగా వెలివేసినట్లు రుజువు చేసిననే గాని కాలము ఆతనికి తోడురాదు.

2012లో గోవా రాష్ట్రపు ఒక సోదరీసోదరుల వివాదమున సుప్రీంకోర్టు ఈ సూత్రమును మిక్కిలి కచ్చితముగా చెప్పెను. కావలివాడుగాని, సేవకుడుగాని, చూచుకొమ్మని ఉంచబడిన బంధువుగాని ఎంత దీర్ఘకాలము ఆస్తిలో ఉన్నను దానియందు ఎట్టి హక్కును సంపాదింపలేడనియు, యజమాని అడిగిన తక్షణమే వదలిపెట్టవలసినదేయనియు, ఇట్టివారికి కోర్టులు నిషేధాజ్ఞలిచ్చి కాపాడరాదనియు ఆ తీర్పు సారాంశము. పరులు పండ్రెండేండ్లు బలవంతముగా కూర్చుండినచో ఒక్కొక్కప్పుడు యజమానులగుదురు. నమ్మకముచేత అప్పగింపబడినవాడు నూరేండ్లు ఉన్నను కాజాలడు. పైపైన చూచువానికి ఇది అన్యాయముగా తోచును. కాని ఆక్రమించినవానిని చూచి యజమాని మేలుకొనవలెననుట సహజము. నమ్మినవానిని అనుదినము అనుమానించుచు ఉండుమనుట అసహజము. నమ్మకమును శిక్షించు చట్టము ఏ సంఘమునకును పనికిరాదు.

దైవధర్మాదాయముల విషయమున చట్టము ఇంకొక అడుగు ముందుకు వేసినది. ధర్మకర్తగా ఆస్తిని వహించినవానిపై దాని రాబట్టుకొనుటకు వేయు దావాకు కాలపరిమితియే లేదని పరిమితి చట్టము పదియవ విభాగము చెప్పును. హిందూ, మహమ్మదీయ, బౌద్ధ ధర్మాదాయముల ఆస్తి కూడ ఇట్లు నిర్దిష్ట ప్రయోజనమునకై అప్పగింపబడిన ఆస్తిగనే ఎంచబడును. ఆ ధర్మకర్త దానిని వెల తీసికొని అన్యునకు అమ్మివేసినచో, తరువాత వచ్చిన నిర్వాహకుడు అమ్మినవాని మరణమునుండియో, రాజీనామానుండియో, తొలగింపునుండియో, తన నియామకమునుండియో, ఏది వెనుక వచ్చునో ఆనాటినుండి పండ్రెండేండ్లలోపల దావా వేయవచ్చును. అమ్మినవాడు తానే ఆ పదవిలో కూర్చుండియున్నంతకాలము ఎవరు అడుగుదురని ఈ ఏర్పాటు. అతడు పోయి ఇంకొకడు వచ్చి లెక్కలు తిరగవేయువరకు కాలచక్రము ఆగియుండును.

సంరక్షకుడే శత్రువైనచో దేవునకు దిక్కెవరు? 1967లో ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినవారు రాజమహేంద్రవరపు వాస్తవ్యులు, ఆనాటి భారత ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు. సేవాయతు, అనగా దేవతాస్తి సంరక్షకుడు, దేవతకు విరుద్ధముగా ప్రవర్తించి ఆస్తిని అన్యాక్రాంతము చేసినప్పుడు, ఆరాధకులలో ఎవరైనను దేవత తరపున మిత్రుడుగా నిలిచి దావా వేయవచ్చునని వారి ధర్మాసనము నిర్ణయించెను. మహానందికి వచ్చు సామాన్య భక్తునకు ఇంతటి అధికారము కలదని ఆ భక్తునకే తెలియదు.

ఇక ఈ సీమ చరిత్రకు వత్తము. నంద్యాల ప్రాంతము కర్నూలు నవాబుల యేలుబడిలో నుండి, 1839లో ఈస్టిండియా కుంపిణీవారు నవాబును తొలగించుటతో వారి వశమైనది. అప్పటికే మద్రాసు ఆధిపత్యమున 1817 నాటి ఏడవ రెగ్యులేషను ప్రకారము దేవాలయముల ఆస్తిపాస్తులపై పర్యవేక్షణ రెవెన్యూ బోర్డునకు చెందియుండెను. క్రైస్తవ ప్రభుత్వము విగ్రహముల లెక్కలు చూచుట ఏమని ఇంగ్లండులో గోల బయలుదేరగా కుంపిణీ చేతులు దులుపుకొన్నది. 1863 చట్టముతో ఆ తొలగుట పూర్తియైనది. తరువాత 1925లో మద్రాసు శాసనసభ మరల పగ్గము చేపట్టినది. 1951, 1966 సంవత్సరముల చట్టములు దానిని బిగించినవి.

ఈ నడుమ జరిగిన ఒక కార్యము నేటి వ్యాజ్యములన్నిటికి మూలము. 1858లో ఏర్పడిన ఇనాము కమిషను ఊరూరా తిరిగి, ప్రతి ఇనామునకును ఎవరికి ఇచ్చిరి, ఏ పనికై ఇచ్చిరి, ఇప్పుడెవరి అనుభవములో నున్నది అని విచారించి ఇనాము ఫెయిర్ రిజిస్టరులో వ్రాసి, హక్కుపత్రములిచ్చినది. ఈనాడును నంద్యాల కోర్టులో మాన్యపు దావా నడచునప్పుడు ప్లీడర్లు ఇరువురును మొదట చేతికి తీసికొనునది ఆ రిజిస్టరు నకలే. అందులో తేలవలసిన అంశము చిన్నదే. భూమి దేవునకు ఇచ్చినదా? దేవుని సేవకై ఒక పదవికి జీతముగా ఇచ్చినదా? లేక ఒక మనుష్యునకు సొంతముగా ఇచ్చి, సేవ చేయవలెనని షరతు మాత్రము తగిలించినదా? మొదటిదైనచో అర్చకుడు చూచుకొనువాడు మాత్రమే. రెండవదైనచో సేవ ఉన్నంతకాలమే అనుభవము. మూడవదైనచో భూమి ఆతని కుటుంబపుదే, సేవ దానిమీది భారము. గుమాస్తా వ్రాసిన ఒక్క పంక్తి అటో ఇటో అయినందున కొంపలు కూలిన కుటుంబములును కలవు, పొలములు పోయిన దేవుళ్లును కలరు. అర్చకులందరు అపహర్తలన్నట్లు మాటలాడుట ఈ కాలపు వాడుకయైనది, అది అన్యాయము. ధూపదీపముల ఖర్చునకు సర్కారు పైసా ఇవ్వని దినములలో ఆ మాన్యమును తాము దున్ని, ఆ గింజలతోనే నైవేద్యము పెట్టి, గుడి తలుపులు మూతపడకుండ కాపాడినవారు వారే.

జస్టిస్ చల్లా కొండయ్య కమిషను నివేదిక మీదట వచ్చిన 1987 నాటి ఆంధ్రప్రదేశ్ ధర్మాదాయ, హిందూ మతసంస్థల చట్టము, అనగా జనులు వాడుకగా ముప్పదవ చట్టమని చెప్పుకొనునది, వంశపారంపర్య ధర్మకర్తృత్వమును, వంశపారంపర్య అర్చకత్వమును ఒక్క వేటున రద్దు చేసినది. 1996లో సుప్రీంకోర్టు రెండింటిని సమర్థించినది; స్థాపకుల కుటుంబమునకు ధర్మకర్తల మండలిలో చోటుండవలెనని మాత్రము చెప్పినది. 2007లో చట్టము సవరింపబడి అర్చక కుటుంబములకు కొంత ఊరట కలిగినది. భూమి మాటకు వచ్చినచో, కమిషనరు ముందస్తు అనుమతి లేనిదే దేవాలయ స్థిరాస్తిని అమ్ముట, కుదువపెట్టుట, మార్చుకొనుట చెల్లదు. ప్రతి సంస్థయు తన ఆస్తుల పట్టికను రిజిస్టరు చేయింపవలెను. ఆక్రమణదారుల తొలగింపునకు ప్రత్యేక ట్రిబ్యునలు కలదు. ఇట్లు ధర్మకర్త చేతినుండి చాలవరకు కార్యనిర్వహణాధికారి చేతికి పగ్గము మారినది. జనులు ఇక్కడనే పొరబడుదురు. చేయి మారినదిగాని సొత్తు మారలేదు. ఇ.ఓ.గారు కూడ రెండవ గడిలోనివారే. ప్రభుత్వమునకును మొదటి గడిలో పేరు లేదు.

ఈ మాటను రుజువు చేసిన ఘటన మహానందికి దూరముగా గాక, ఆళ్లగడ్డ సమీపపు అహోబిలముననే జరిగినది. నల్లమల లోయలలో నవనారసింహులు వెలసిన ఈ క్షేత్రమును శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర కాలమున దర్శించి ఆభరణములు సమర్పించినట్లు శాసనము కలదు. ఇచ్చటి కైంకర్యములు ఆదివణ్ శఠకోపజీయరుతో ఆరంభమైన అహోబిల మఠముతో తరతరములుగా పెనవేసికొనియున్నవి. మఠమునకు పీఠాధిపతియైన జీయరుస్వామియే ఆలయమునకు ధర్మకర్త. కనుమ పండుగకు మొదలగు పారువేట ఉత్సవమున స్వామి పల్లకి కొండ దిగి, నలుబది దినములకు పైగా ఊరూరా తిరుగును. తన బ్రహ్మోత్సవపు పెండ్లికి జనులను స్వామియే స్వయముగా పిలువ వచ్చుచున్నాడని ఈ సీమ నమ్మకము. చెంచులక్ష్మిని పెండ్లాడినవాడు గనుక చెంచులకు ఆయన అల్లుడు. ఏ ఊరిలో తెలుపు అను ఏ అరుగుపై ఆగవలెనో, పల్లకి బోయీలు ఎవరో, ఎవరి ఇంటినుండి ఏ కైంకర్యము రావలెనో వ్రాతలేని కట్టుబాటు ఒకటి సాగుచుండును. ఆ దినములలో స్వామి ఉత్సవమూర్తి, ఆయన నగలు, ఆయన పల్లకి ఆయా గ్రామస్థుల సంరక్షణలోనే ఉండును. ఇన్ని చేతులు మారియు ఆ సొత్తు ఎవరి సొంతమును కాక మరల కొండ చేరుచున్నది.

ఈ ఆలయమునకు రాష్ట్రప్రభుత్వము కార్యనిర్వహణాధికారిని నియమించుట చెల్లునా అని వివాదము పుట్టెను. మఠము తమిళనాడులో నున్నది, ఆలయము ఆంధ్రప్రదేశములో నున్నది, కావున రెండును వేర్వేరు సంస్థలని ప్రభుత్వపక్షము వాదించెను. 2022 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చి, అహోబిల ఆలయము మఠములో అవిభాజ్యమైన భాగమనియు, మధ్య రాష్ట్ర సరిహద్దు గీచినంతమాత్రమున బంధము తెగదనియు, అధికారి నియామకము రాజ్యాంగపు ఇరువదియారవ అధికరణము మతసంప్రదాయములకిచ్చిన నిర్వహణహక్కునకు భంగకరమనియు తీర్పు చెప్పెను. ప్రభుత్వము పైకోర్టునకు పోగా, 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ విన్నపమును నిరాకరించెను. మఠాధిపతి సామాన్య ధర్మకర్త వంటివాడు కాడని, ఆతని పదవిలో కర్తవ్యమును స్వత్వమును కలసియుండునని 1954లో శిరూరు మఠపు వ్యాజ్యముననే సుప్రీంకోర్టు చెప్పియుండెను. 1987 చట్టమునందును మఠములకు వేరొక అధ్యాయమే కలదు.

ఈ అహోబిల తీర్పును కొందరు ప్రభుత్వముపై మఠము గెలుపుగా కొనియాడిరి. కొందరు ప్రజాధనముపై అజమాయిషీ పోయినదని విచారించిరి. రెండును సగము మాటలే. దేవుని ఆస్తి ఎవరి చేతిలో ఉండవలెనన్నదే అక్కడ తేలినది. ఆ చేతికి లెక్క చెప్పు బాధ్యత తప్పినదని ఎవ్వరును చెప్పలేదు. మఠమునకు నిర్వహణ వచ్చినది గనుక మఠము లెక్క చెప్పవలెను. మహానందిలో దేవాదాయశాఖవారికి నిర్వహణ ఉన్నది గనుక శాఖవారు చెప్పవలెను. 2007లో కొచ్చి దేవస్వము వ్యాజ్యమున సుప్రీంకోర్టు, దేవతల ఆస్తులను కాపాడవలసిన ధర్మకర్తలు, అర్చకులు, ఉద్యోగులే వానిని కాజేయుట కంచే చేను మేసినట్లని గర్హించి, అట్టివారిపట్ల కఠినముగా ఉండవలెనని కోర్టులకును ప్రభుత్వములకును కర్తవ్యము బోధించినది. నా మట్టుకు నాకు, కంచె కాషాయమా ఖాకీయా అన్న చర్చకన్న, చేను ఏటేట కొలిపించి హద్దురాళ్లు చూచువారున్నారా అన్న విచారణయే ముఖ్యముగా తోచుచున్నది. కౌలు వేలముపాట ఎన్నడు జరిగినది, పాట ఎంతకు పోయినది, బకాయి ఎవరు పడినారు అన్నవి ఆలయపు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయించుటకు ఏ చట్టసవరణయు అక్కరలేదు. అన్నదానమునకు నూటపదహార్లు ఇచ్చినవాని పేరు పాలరాతిమీద చెక్కించు మనము, ఇరువదియెకరములు కౌలు కట్టక అనుభవించువాని పేరు కాగితముమీదనైన వ్రాయము.

ఇందువలన నష్టపోవువాడు దేవుడొక్కడే కాడు. పట్టణము పెరిగి నంద్యాల చుట్టుపట్ల పొలములు ప్లాట్లగుచున్న ఈ కాలమున, పిల్లల పెండ్లికని, విశ్రాంతికాలపు ఇల్లని కూడబెట్టిన సొమ్ము పెట్టి స్థలము కొన్న చిన్న ఉద్యోగి, తరువాత ఎన్నడో అది దేవుని మాన్యమని తెలిసి నెత్తి బాదుకొనుట తరచు చూచుచున్నాము. రిజిస్ట్రేషను చట్టపు 22ఎ విభాగము ప్రకారము ధర్మాదాయ భూములు నిషేధపు జాబితాలో చేరును. అందులో చేరిన సర్వే నంబరునకు సబ్‌రిజిస్ట్రారు దస్తావేజు రిజిస్టరు చేయరు. ఒక్కొక్కప్పుడు దేవునికి సంబంధము లేని రైతుపట్టా కూడ పొరపాటున ఆ జాబితాలో ఇరుకుకొని, ఏండ్ల తరబడి వదలకపోవుటయు కలదు. అందుచేతనే 2015లో హైకోర్టు విస్తృత ధర్మాసనము ఆ జాబితాల తయారీకి మార్గదర్శకములను విధింపవలసివచ్చినది. దేవుని భూమి అని తెలియక కొన్నాననుట కొనుగోలుదారునకు రక్ష కాదు. అమ్మినవానికి లేని హక్కు కొన్నవానికి రాదు. ఆతడు అమ్మినది తన అనుభవమునే గాని, భూమిని కాదు.

కావున ఈ సీమలో గజము స్థలము కొనదలచినవారు మొదట అడంగలులోని రెండు గడులను చదువుడు. మొదటి గడిలోని పేరు ఈనాటిది మాత్రము చూచి తృప్తిపడక, పాత సర్వే నాటి ఆర్.ఎస్.ఆర్. అను సెటిల్‌మెంటు రిజిస్టరు నకలు తీసి, అప్పుడు ఆ గడిలో ఎవరున్నారో చూడుడు. అక్కడ ఇనాము అనియో, మాన్యము అనియో కనబడినచో ఇనాము ఫెయిర్ రిజిస్టరు నకలు రప్పింపుడు. దేవాదాయశాఖ కచేరిలో ఆ ఆలయపు ఆస్తుల రిజిస్టరును, సబ్‌రిజిస్ట్రారు కచేరిలో 22ఎ జాబితాను సరిచూచుకొనుడు. బయానా ఇచ్చుటకు ముందే ఈ పని చేయుడు. ఇవన్నియు చూచుటకు పట్టు శ్రమ వారము దినములు. చూడక కొన్నచో పట్టు కోర్టు వ్యవహారము మీ పిల్లల కాలమునకును తెమలదు.